39 అంకెల ఇత్తడి పలక: పర్లాకిమిడిలో ఒక షీల్డుల షాపు

అయిదుకు మూడు స్టార్లు ఇస్తున్నాను. నాలుగు ఇద్దామని చాలాసేపు ఆలోచించాను. కానీ నేను ఈ షాపులో చెక్కించినది ఒక ప్రధాన సంఖ్య. నాలుగేమో ప్రధాన సంఖ్య కాదు. అయిదు ఇచ్చేంత బాగా పని జరగలేదు. కాబట్టి మూడు.

షాపు పేరు రాయను. తప్పుల్లో సగం నావే, వాళ్ళ పేరు చెడగొట్టడం ధర్మం కాదు. పర్లాకిమిడిలో షీల్డులు, నేమ్ ప్లేట్లు, రబ్బరు స్టాంపులు చేసే షాపులు ఎన్నో లేవు కాబట్టి మా ఊరివాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది.

నేను ఒక సహకార సంఘంలో క్యాషియర్ని. 22 ఏళ్లుగా అంకెల మధ్యే బతుకుతున్నాను. హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పిన మేస్టారుకి ఈ ఏడు డెబ్బయి అయిదు నిండాయి. మా బ్యాచ్ వాళ్ళు శాలువా అన్నారు. ఆయన దగ్గర శాలువాలు ఇప్పటికే బీరువా నిండా ఉన్నాయి. ఒకతను కొమ్ముతో చేసిన కొంగల జత కొందామన్నాడు. మా ఊరి కొమ్ముపని పేరున్నదే, కానీ అది పెళ్ళిళ్ళకి అందరూ ఇచ్చేదే కదా. అప్పుడు నాకు తట్టింది, ఆయనకి ఆయన సంఖ్యనే ఇద్దామని.

ఆయన సంఖ్య అంటే 2¹²⁷ − 1. రెండుని 127 సార్లు వేసి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి. మొత్తం 39 అంకెలు:

1701411834604
6923173168730
3715884105727

దీన్ని ప్రధాన సంఖ్య అని తేల్చినవాడు ఎద్వార్ ల్యూకా అనే ఫ్రెంచి లెక్కల మేస్టారు. అది 1876లో. కంప్యూటర్ లేదు, క్యాలిక్యులేటర్ లేదు, అంతా చేతిలెక్కే. యంత్రం సాయం లేకుండా చేత్తో తేల్చిన ప్రధాన సంఖ్యల్లో ఇప్పటికీ ఇదే పెద్దది. 1951 దాకా, అంటే సరిగ్గా 75 ఏళ్లు, తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిట్లోకీ ఇదే పెద్దది. మా మేస్టారు పుట్టింది ఆ 1951లోనే. "నేను భూమ్మీద పడ్డ ఏడాదే దాని గద్దె పోయిందమ్మా" అని క్లాసులో నవ్వేవారు. ఇప్పుడు ఆయనకీ 75. ఇంతకంటే సరిపోయే బహుమతి ఏముంటుంది?

షాపుకి వెళ్ళి కాగితం ఇచ్చాను. ఓనరు తెలుగాయనే, మంచి మాటకారి. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటక్కా ఇది, ఫోన్ నంబరా, ఆధార్ నంబరా?"

"ఒక్కటే సంఖ్య, బాబూ."

"ఇంత పెద్దదా! ఎవరి బాకీ?"

తరవాత ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా ప్రాంతంలో మాత్రమే అడిగే ప్రశ్న ఒకటి అడిగాడు: "ఒడియా అంకెలా, తెలుగు అంకెలా, ఇంగ్లిషు అంకెలా?" తెలుగు అంకెలైతే మేస్టారు మురిసిపోతారనిపించింది. కానీ ఆ మెషీన్లో ఒడియా అంకెలు ఉన్నాయి గానీ తెలుగు అంకెలు లేవు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఈ పరిస్థితి! సరేనని మామూలు అంకెలే చెప్పాను.

ధర: అంకెకు 15 రూపాయల చొప్పున 39కి 585. ఇత్తడి రేకు, టేకు చెక్క కలిపి 900. మొత్తం 1,485. ఈ ధరకి ఇది మంచి బేరమే, అందులో వంక పెట్టను.

నాలుగు రోజులకి కాగితం మీద ప్రింటు తీసి చూపించాడు. చూడగానే నా గుండె జారిపోయింది. 170141183460469 దాకా బాగానే ఉంది. అక్కణ్ణించి చివరిదాకా వరసగా 24 సున్నాలు!

జరిగింది ఇదీ. బడి షీల్డుల కోసం పిల్లల పేర్లన్నీ కంప్యూటర్లో ఒక షీటులోకి ఎక్కించి, అక్కణ్ణించి మెషీన్‌కి పంపడం వాళ్ళకి అలవాటు. నా సంఖ్యనీ అలాగే ఎక్కించారు. అలాంటి షీట్లు మొదటి 15 అంకెలే గుర్తుపెట్టుకుంటాయి, మిగతాది సున్నాలు చేసేస్తాయి. కౌంటర్లో ఖాతా నంబర్లతో నాకు ఈ బాధ పాతదే. నంబరు ముందు పైన ఒక కామా గుర్తు (') పెట్టో, గడిని అక్షరాల గడిగా మార్చో కొట్టాలి. ఆ ముక్క నేనే ముందు చెప్పాల్సింది.

ఇంకా ఉంది. లక్షలు కోట్లు అన్నట్టు మధ్యలో కామాలు పెట్టి, చివర్లో అలవాటుకొద్దీ "/-" కూడా తగిలించాడు. కింద చిన్న వరసలో 2¹²⁷ − 1 అని ఉండాల్సినచోట 127 కిందకి దిగిపోయి "2127 − 1" అయి కూర్చుంది. అది 2126. సరిసంఖ్య! పైనేమో సున్నాతో ముగిసే సంఖ్య, కిందేమో సరిసంఖ్య. ఈ పలక మేస్టారి ముందు పెడితే ఆ వయసులో కూడా బెత్తం వెతుక్కునేవారు.

ఓనరుకి కోపం రాలేదు, అది మెచ్చుకోవాలి. "సున్నాతో ఉంటే ఏటక్కా తప్పు?" అని నిజంగానే అడిగాడు. సున్నాతో ముగిస్తే రెండుతోనూ పోతుంది, అయిదుతోనూ పోతుంది, ప్రధాన సంఖ్య అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ పోకూడదు అన్నాను. పక్కనున్న కుర్రాడు ఒడియా బడిలో చదివినవాడు. "ఓ, మౌళిక సంఖ్యా!" అని పట్టుకున్నాడు. ఆ తరవాత పనంతా ఆ కుర్రాడే చేశాడు.

రెండోసారి కుర్రాడు షీటు జోలికి పోకుండా చేత్తో కొట్టి, ఫోన్‌కి ఫొటో పంపాడు. నేను అప్పుడు కౌంటర్లో ఉన్నాను, ముందు పదిమంది లైను. గబగబా తొమ్మిది పరీక్ష చేశాను. ఇది నా కాగితం అంచున ముందే రాసుకున్నదే: మొదటి వరస అంకెల మొత్తం 40, రెండోది 56, మూడోది 58. కలిపితే 154. ఒకటీ అయిదూ నాలుగూ పది, అంటే ఒకటి. తొమ్మిదితో భాగిస్తే శేషం 1 రావాలి. ఎందుకు రావాలి? రెండుని ఆరుసార్లు గుణిస్తే 64, దాన్ని తొమ్మిదితో భాగిస్తే శేషం ఒకటి. 127లో ఆర్లు 21 పోగా ఒకటి మిగులుతుంది. అంటే ఒకే ఒక్క రెండు మిగిలింది, అందులోంచి ఒకటి తీస్తే ఒకటి. 39 అంకెల లెక్క ఇలా నోటితో తేలిపోతుంది. ఫొటోలో మూడు వరసలూ సరిపోయాయి. "ఓకే" అని పంపేశాను.

అదే నా తప్పు.

శనివారం సాయంత్రం పలక తీసుకోవడానికి వెళ్ళాను. ఇత్తడి మెరుస్తోంది, అంకెల్లో నల్ల రంగు నింపారు, చూడముచ్చటగా ఉంది. డబ్బులు తీయబోతూ, అలవాటు ప్రాణం కదా, పదకొండు పరీక్ష కూడా చేద్దామనుకున్నాను. ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడాలి: బేసి స్థానాల్లోవి ఒకవైపు, సరి స్థానాల్లోవి ఒకవైపు. అసలు సంఖ్యలో బేసివి 80, సరివి 74, తేడా 6. ఇక్కడా కారణం ఉంది. రెండుని పదిసార్లు గుణిస్తే 1024, పదకొండుతో భాగిస్తే శేషం ఒకటి. 127లో పదులు పోగా ఏడు మిగులుతాయి. ఏడు రెళ్ళ గుణకారం 128, దాని శేషం ఏడు, ఒకటి తీస్తే ఆరు. కాబట్టి 6 వచ్చి తీరాలి.

పలక మీద 78, 76 వచ్చాయి. తేడా 2.

మళ్ళీ కూడాను. మళ్ళీ 2. గోరుతో ఒక్కో అంకె మీదా రాసుకుంటూ వెళ్తే దొరికింది. మొదటి వరసలో 8, 3 తరవాత 46 ఉండాలి. 64 పడింది. పక్కపక్క అంకెలు తారుమారైతే మొత్తం మారదు, అందుకే తొమ్మిది పరీక్షకి దొరకలేదు. క్యాష్ లెక్క తేడా వచ్చి, ఆ తేడా తొమ్మిదితో పోయిందంటే ఎక్కడో అంకెలు తిరగబడ్డాయని పాత గుమాస్తాలు చూడకుండానే చెప్పేస్తారు. 22 ఏళ్ల సర్వీసులో నేనే ఎందరికో చెప్పిన మాట అది. ఆ రోజు ఫోన్లో ఫొటో చూస్తూ నాకే గుర్తు రాలేదు.

ఓనరు ఫోన్ తీసి నా "ఓకే" చూపించాడు. ఏం మాట్లాడగలను? కాసేపు వాదులాట. అప్పటికే చెక్కేసిన రేకు 400 అన్నాడు. చివరికి చెరి 200 అనుకున్నాం. అది న్యాయమే అనిపించింది. మొత్తం ఖర్చు 1,685 తేలింది.

అప్పుడే కరెంటు పోయింది. మెషీన్ ఆగిపోయింది. గంట పడుతుందన్నారు. కుర్రాడు టీ తెప్పించి, "అయితే ఇది నిజంగా మౌళిక సంఖ్యేనని ఎలా తెలుస్తుంది? తొమ్మిది, పదకొండులతోనా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. కాదు. ఆ రెండు పరీక్షలు మనం సరిగ్గా రాశామా లేదా అనేదే చెప్తాయి. ప్రధానమో కాదో తేల్చడం వేరే పని. మామూలుగా ఒక్కొక్క సంఖ్యతో భాగించుకుంటూ పోతే, సెకనుకి వంద కోట్ల భాగహారాలు చేసినా నాలుగు వందల ఏళ్లు దాటుతుంది. ల్యూకా దానికి అడ్డదారి కనిపెట్టాడు. దాన్ని 1930లో లేమర్ అనే అమెరికా గణితవేత్త ఇంకా తేలిక చేశాడు. ఇప్పుడు కంప్యూటర్లు ఈ రకం సంఖ్య ప్రధానమేనని ఖాయం చేసేదీ దాంతోనే.

బిల్లు వెనకాల చిన్నదానితో చేసి చూపించాను. 127నే తీసుకుందాం, అదీ 2⁷ − 1 కదా. 4తో మొదలుపెట్టు. వర్గం చేసి రెండు తియ్యి: 14. మళ్ళీ వర్గం చేసి రెండు తియ్యి: 194. అది 127ని దాటింది కాబట్టి 127 తీసేస్తే 67. మళ్ళీ అలాగే చేస్తే శేషం 42. తరవాత 111. దాని వర్గంలోంచి రెండు తీస్తే 12,319. అది సరిగ్గా 127 × 97. శేషం సున్నా! ఏడో ఘాతానికి అయిదుసార్లు చేశాం, అయిదోసారి సున్నా వస్తే ప్రధానమే. 127వ ఘాతానికి ఇదే పని 125 సార్లు చేయాలి. ఒక్కోసారీ 39 అంకెల దాకా ఉండే సంఖ్యని వర్గం చేసి, మళ్ళీ 39 అంకెల సంఖ్యతో భాగించాలి. కుర్రాడు ఆ బిల్లు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నా బిల్లు నాకు రాలేదు. అందుకే ఇక్కడ ఫొటో పెట్టలేకపోతున్నాను.

ఘాతంలో ప్రధాన సంఖ్య ఉంటే చాలు, లెక్క కట్టాక వచ్చేది కూడా ప్రధాన సంఖ్యే అవుతుందనుకోకూడదు. మేస్టారు దీనికి 2¹¹ − 1 ఉదాహరణ చెప్పేవారు. అది 2047, అంటే 23 × 89. మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 1644లోనే, 257 దాకా ఏ ఘాతాలకి ప్రధాన సంఖ్య వస్తుందో జాబితా ఇచ్చాడు. అందులో 67, 257 తప్పు. 61, 89, 107 వదిలేశాడు. 127 మాత్రం కరెక్టు. మా షాపువాడి కంటే ఎక్కువ తప్పులే చేశాడు, అయినా ఈ రకం సంఖ్యలకి ఇవాళ్టికీ ఆయన పేరే.

ఇక నాణ్యత సంగతి. చెక్కడం లోతుగా, శుభ్రంగా ఉంది. టేకు చెక్కకి పాలిష్ బాగా పట్టించారు. అంకెల వాటం మాత్రం మీరే దగ్గరుండి ఎంచుకోండి. వాళ్ళు మొదట చూపించినదాంట్లో 1, 7 కవల పిల్లల్లా ఉన్నాయి. ఈ సంఖ్యలో ఒకట్లు ఎనిమిది, ఏడులు ఆరు, మొత్తం 39లో 14 అవే. ఒకటికి కింద అడ్డగీత ఉన్న వాటం అడిగి మార్పించాను. వెనక తగిలించే కొక్కెం వదులుగా ఉంది. ఇంటికొచ్చి మా ఆయన స్క్రూ మార్చాల్సి వచ్చింది. 1,685 తీసుకుని మూడు రూపాయల స్క్రూ దగ్గర కక్కుర్తి పడటం నాకు నచ్చలేదు. ఒక స్టార్ అక్కడే పోయింది. ఇంకోటి సున్నాలకి.

ఆదివారం పొద్దున్న మేస్టారింటికి పట్టుకెళ్ళాను. ఆయనిల్లు మహేంద్రతనయ ఒడ్డు వైపు. శాలువాలాళ్ళు కూడా వచ్చారు లెండి. మేస్టారు పలక ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు సర్దుకుని, ఏమీ అనకుండా పెదాలు కదుపుతూ కూర్చున్నారు. బాగుందనో, ఎందుకమ్మా ఇంత ఖర్చనో అంటారని చూస్తున్నాను. రెండు నిమిషాలు గడిచాయి. "ఆరు" అన్నారు. పదకొండు పరీక్ష! నేను కాగితం మీద పదిహేను నిమిషాలు చేసినది.

"తొమ్మిది పరీక్షతో ఆగిపోయి ఉంటావని చూశానమ్మా."

ఆగిపోయానని చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ చెప్తున్నాను.

తరవాత ఆయన మా చిన్నప్పటి పాఠాలన్నీ బయటికి తీశారు. చదరంగం గడుల లెక్క పద్యం చదివారు. గడికి రెట్టింపు గింజలు వేస్తే 64 గడులకీ ఎన్నవుతాయో, ఆ 2⁶⁴ − 1ని శర, శశి, షట్కము అంటూ మాటల్లో దాచిన పాత పద్యం. శర అంటే అయిదు, శశి అంటే ఒకటి. కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోతే ఇరవై అంకెలు వస్తాయి. "చివరి అంకె శర. అయిదుతో పోతుంది. పద్యం అందంగా ఉంది గానీ సంఖ్య ప్రధానం కాదు" అని పెదవి విరిచారు. మన 39 అంకెలకి పద్యం రాసేవాడు ఎవడైనా ఉన్నాడా అని శాలువా తెచ్చినతణ్ణి అడిగారు. అతను తెలుగు పండితుడు. మాట మార్చేశాడు.

అప్పట్లో క్లాసులో ఏడు పళ్ళేలు, పెద్దదాని మీద చిన్నది పేర్చి, మూడు చోట్ల మధ్య ఒక్కొక్కటే మార్చమనేవారు. చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. ఏడు పళ్ళేలకి 127 ఎత్తులు పడతాయి. ఆ ఆట కనిపెట్టినవాడూ ఈ ల్యూకాయే, 1883లో. 127 పళ్ళేలుంటే పట్టే ఎత్తుల సంఖ్య సరిగ్గా ఈ పలక మీదున్నదే. నాకు ఈ ముక్క ఇన్నేళ్లుగా గుర్తుంది గానీ రెండూ ఒకడి పనేనని ఆ రోజే తెలిసింది.

వెళ్ళబోతుంటే మేస్టారు పలక వెనక పెన్సిల్‌తో ఒక వరస రాసి చూపించారు. 2, 3, 7, 127, ఇది. రెండుకి ముందుదాన్ని ఘాతంగా పెట్టి ఒకటి తీస్తే తరవాతది. రెండు నుంచి మూడు, మూడు నుంచి ఏడు, ఏడు నుంచి 127, 127 నుంచి ఈ పలక. అయిదూ ప్రధాన సంఖ్యలే. "ఆరోది ప్రధానమో కాదో ఇంతవరకూ ఎవడూ తేల్చలేదమ్మా. దాన్ని చెక్కించకపోయావా?"

ఇవాళ తెలిసిన ప్రధాన సంఖ్యల్లో పెద్దది, 2024 అక్టోబరులో బయటికొచ్చిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1, దానికే 4,10,24,320 అంకెలున్నాయి. పేజీకి నాలుగు వేల అంకెల చొప్పున అచ్చేసినా పదివేల పేజీలు దాటుతుంది. మేస్టారు చెప్పిన ఆరోదాని ముందు అది కూడా ఆవగింజే. దాన్లో ఎన్ని అంకెలున్నాయో చెప్పే సంఖ్యే 38 అంకెలుంటుంది.

సోమవారం దారిలో షాపు దగ్గర ఆగి అడిగాను, ఇంకో సంఖ్య ఉంది, చాలా పొడుగు, అంకెకు ఎంత తీసుకుంటావని. ఓనరు స్టాంపు ప్యాడ్‌కి సిరా పోస్తూ తల ఎత్తకుండానే అన్నాడు:

"అంకెలు ఎక్కువైతే పదికే చేసేద్దాం అక్కా. అడ్వాన్సు మాత్రం సగం ముందివ్వాలి."